గోగునార జడ

ఆ కార్తీకం మొదలయ్యేసరికి నా చేతిలో ఉన్నదేమిటో ముందు చెబుతాను. గరివిడిలో రోడ్డు పక్కన ఒక నార గొడౌను, దాని వెనకే ఇల్లు. ఇంట్లో భార్య భాగ్యవతి, పెళ్ళి మాట ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయే తమ్ముడు ఉపేంద్ర. చుట్టుపక్కల రైతులకి నా తూకం మీద నమ్మకం. నీలాటివలస ఊరు ఊరంతా తీసిన గోగునార మరో సావుకారు గడప తొక్కకుండా నా దగ్గరికే వచ్చేది. ఇవి కాక, గొడౌనులో దూలానికి వేలాడుతూ ఒక జడ.

మా వైపు తూర్పు భాగోతంలో సత్యభామ వేషం మగవాడే కడతాడు. ఆ వేషగాడు తెర వెనక నుంచి మొదట చూపించేది మొహం కాదు, జడ. పొడుగాటి జడని తెర మీదుగా జనం వైపు విసురుతాడు. దమ్మున్నవాడు కత్తి పట్టుకుని వచ్చి ఆ జడ అందుకోవచ్చు. అందుకున్నవాడు భామని ఒక ప్రశ్న అడగాలి. జవాబు చెప్పలేకపోతే జడ కోసేస్తారు, ఆ మనిషి ఇక ఆ వేషం కట్టకూడదు. చెబితే మాత్రం, అడిగినవాడు తన ఇంటి ఆడపడుచుకి పెట్టినట్టు చీర పెట్టి సాగనంపాలి. ఆ రోజు నుంచి ఆ వేషగాడికి అది పుట్టిల్లే. గురువు జగన్నాధం మాస్టారికి అలాంటి పుట్టిళ్ళు జిల్లా అంతటా ఉండేవి. మీసాలు నెరిసిన ముసలాయన ఏ ఊళ్ళో బస్సు దిగినా ఎవరో ఒకరు ఎదురొచ్చి, "అప్పా, బువ్వ తిన్నావా?" అని అక్కని అడిగినట్టు అడిగేవారు. అది ఎవరికీ నవ్వులాట కాదు.

ఆయన ఓపిక తగ్గాక భామ వేషం ఉపేంద్రకి అప్పగించి, తను చెలికత్తె వేషానికి మారాడు. పాత జడని ఎలకలు కొట్టేస్తే కొత్తది అల్లినవాడు ధర్మేంద్ర. అతను నీలాటివలసలో ఊరి నారంతా పోగుచేసి నాకు అప్పగించే పెద్ద ఎల్లాజీకి తమ్ముడు, భాగోతంలో మా వాడి వెనక నిలబడి మద్దెల వాయించేవాడు. నా గొడౌనులోనే మేలు నార ఏరి, దువ్వి, నల్ల రంగు వేసి అల్లాడు. జడ అల్లడం ఒక పూట పని. వాళ్ళిద్దరూ దాన్ని వానాకాలమంతా అల్లారు. ఏ పనికి ఎంత సేపు పడుతుందో తెలియని వ్యాపారి ఉండడు. నాకు తెలిసింది. అయినా నేను అడగలేదు. నార నాది, జడ నా తమ్ముడిది, మధ్యలో ఎవరి సొమ్మూ పోవడం లేదు.

అది రెండు వేల పదమూడు. రాష్ట్రం విడిపోతుందని ఆ అక్టోబరులో విజయనగరం భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు. దాన్ని ఎత్తేశాక కూడా మనుషుల చేతులు ఊరుకోలేదు. ఎవరిని చూసినా ఎవరినో ఒకరిని కొట్టాలన్నట్టే ఉండేవారు.

నార కోసం నేను లారీ వేసుకుని నీలాటివలస వెళ్ళిన పొద్దున, గోగు ఊరేసిన గుంట దగ్గర ఆ చేతులు చూశాను.

గుంటలో నీళ్ళు నల్లగా కుళ్ళి కంపు కొడుతున్నాయి. నడుముల లోతున దిగి నార ఒలిచే మనుషులు పని ఆపేసి, ఒలిచిన నార చేతిలోనే పట్టుకుని చూస్తున్నారు. వాళ్ళ మధ్య ఎల్లాజీ తమ్ముడి జుట్టు పట్టుకుని తలని నీళ్ళలో ముంచుతున్నాడు. తీస్తున్నాడు. మళ్ళీ ముంచుతున్నాడు. వాళ్ళ తల్లి దాలమ్మ గట్టు మీద కూలబడి "ఓలమ్మో, ఓలమ్మో" అంటోంది. ముందుకి మాత్రం అడుగు వెయ్యడం లేదు.

"ఎల్లాజీ! ఏటి సేస్తన్నావు? సచ్చిపోతాడు!"

"సావనీ సావుకారూ. ఈడికి కుదిరిన సంబంధం పోయినాది. పెళ్ళికూతురు ఝాన్సీ వోళ్ళు కబురెట్టినారు. మీ మద్దిలోడికి భామ ఉన్నాదంట గదా, మా పిల్లెందుకు అనీసి. ఊళ్ళో నా మొకం ఎక్కడెట్టుకోను?"

ఇంకోసారి ముంచాడు. ఈసారి నీళ్ళలో చేతులు కొట్టుకోవడం తగ్గింది. నేను చెప్పులతోనే దిగాను. ఎల్లాజీ ఒక చేత్తో తమ్ముణ్ణి వదలకుండానే రెండో చేత్తో గోగు కట్ట తీసి నా వీపు మీద కొట్టాడు. రెండోది చెవి మీద పడింది. లారీ డ్రైవరూ నేనూ కలిసి ధర్మేంద్రని గట్టు మీదికి లాగాం. నల్ల నీళ్ళు కక్కాడు. కళ్ళు తెరిచి మొదట అడిగింది, "మద్దిల తడిసిపోనాదా?" అని. అది వాళ్ళింట్లో భద్రంగానే ఉంది.

ఎల్లాజీ ఒగురుస్తూ నా దగ్గరికి వచ్చాడు. "మార్గశిరంలో మా ఊళ్ళో ఆట ఉన్నాది. నీ తమ్ముడు భామేషం కట్టి ఇటొచ్చినాడంటే జడొకటే తెగదు సావుకారూ, పీక తెగుద్ది. ముందు సెప్పలేదనకు."

ఇంటికి వచ్చాక భాగ్యవతి నా వీపుకి పసుపు ముద్ద పట్టిస్తూ ఆ గుంట కంపుకి ముక్కు మూసుకుంది. ఉపేంద్ర గుమ్మంలో నిలబడ్డాడు.

"బతికే ఉన్నాడు," అన్నాను. "ఈ ఏడు ఆట మానీ. మాస్టారికి నేను సెప్పుకుంటాను."

"ఎల్తాను అన్నియ్యా."

"పీక కోస్తానన్నాడు."

"జడ ఇసిరినాక ఎవుడైనా రావచ్చు. వాడు రాకూడదు, వీడు రాకూడదు అనడానికి అది మన గొడౌనేటి?"

భాగ్యవతి పసుపు చెయ్యి గిన్నెలో కడుక్కుని మరిది వైపు తిరిగింది. "ఒరే ఉపేంద్రా, ఒక్క మాట సెప్పు. ఆ మద్దిల గుంటడంటే నీకు అంతిదేటి?"

"అంతే వొదినా."

"మరైతే మీ అన్నియ్యకి సెప్పి ఏటి లాభం? ఎల్లు. కానీ సచ్చి రాకు," అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎండలో కూర్చుని గజ్జెలకి తాడు మారుస్తున్నాడు.

"మాస్టారూ, మీరు ఆట ఆపండి. దీనికి మీ భాగోతమే కారణం."

ఆయన కోపగించుకోలేదు. భుజం మీది పైపంచ తీసి తల మీద కప్పుకున్నాడు. "ఇదుగో, ఇప్పుడు భామకి చెలికత్తెని." మళ్ళీ తీసి భుజం మీద వేసుకున్నాడు. "ఇప్పుడు కృష్ణస్వామికి చెలికాణ్ణి. ఆమె దగ్గర ఆడదాన్ని, ఆయన దగ్గర మగాణ్ణి. మనిషినొక్కణ్ణే. జనం తెల్లార్లూ సూస్తారు గానీ, ఇదేటిరా అని ఏనాడూ అడగలేదు. ఎందుకో సెప్పు నగరేశ్వర్రావూ."

"ఆట కాబట్టి."

"కాదు. ఆళ్ళకి తెలుసు గనక. స్వామిని కావాలనుకున్న ప్రతి పేణమూ భామే. మీసాలుంటే ఏటి, లేకపోతే ఏటి? జడంటే ఏటనుకున్నావు, అది దాని పొగరు. ఆఖర్న ఆయన కాళ్ళ కాడ ఎట్టడానికే అంత పొడుగ్గా పెంచుకుంటాది. మా గురువు నాకు ఇదే సెప్పినాడు, నాను నీ తమ్ముడికి ఇదే సెప్పినాను. ఆడు బాగా ఇన్నాడు, అంతే."

"విన్నవాడి పీక తెగితేనో?"

ఆయన మళ్ళీ గజ్జెల తాడు మీదికి వంగాడు. వేదాంతం దగ్గర బేరం సాగదు. బేరం సాగే చోటికే వెళ్ళాను.

ఎల్లాజీ ఇంటి ముందు కళ్ళంలో ఉన్నాడు. నేను కూర్చున్నాక చాలాసేపు నార గురించే మాట్లాడాను. ఎదుటివాడు అసలు విషయం తనే ఎత్తేదాకా ఆగడం నా అలవాటు.

"ఏటి సావుకారూ, తమ్ముణ్ణి మానిపించినావా?" అన్నాడు.

"పీక కోస్తే నువ్వు జైలుకి, నా తమ్ముడు కాటికి. ఊళ్ళో నీ మొకం తిరిగొస్తాదా? రాదు. ఇంకో దారుంది. నువ్వే జడ పట్టు. తేలిక ప్రశ్న అడుగు. వాడు జవాబు చెప్తాడు. నువ్వు చీర పెట్టు."

"నానా? ఆడికి సీరా?"

"ఆలోచించు. చీర పుచ్చుకుంటే వాడు మీ ఇంటి ఆడపడుచు. ధర్మేంద్రకి ఏమవుతాడు?"

ఎల్లాజీ చేతిలో గడ్డిపరక తిప్పడం ఆపాడు. మెల్లిగా నవ్వు వచ్చింది. "అప్ప."

"ఊరంతా చూస్తుండగా అప్ప. ఆ తర్వాత ఎవడైనా కూస్తే నోరు నువ్వే మూయించొచ్చు. కానీ మద్దెల ధర్మేంద్రే కొట్టాలి. మద్దెల లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే చీర లేదు."

"అబ్బో, ఏం బుర్ర సావుకారూ!" అని లోపలికి కేకేశాడు. "అమ్మా! కొత్త సీరొకటి తీసి ఉంచు."

దాలమ్మ గుమ్మం పక్క నుంచి అంతా విన్నట్టుంది. "ఎవులికిరా?" అని మాత్రం అడిగింది.

మంచి బేరమే అనుకుని ఇంటికి వచ్చాను. ఇప్పటికీ దాన్ని చెడ్డ బేరం అనను. ఉపేంద్రకి చెప్పలేదు. చెబితే ఆటలో జవాబులో జీవం ఉండదనుకున్నాను.

పోలీసులు రాత్రి ఆటలకి అనుమతి ఇవ్వని రోజులు కాబట్టి నీలాటివలసలో భాగోతం మధ్యాహ్నం ఎండలోనే మొదలైంది. నార ఆరేసిన దండేలు తప్పించి, ఊరి నడుమ జాగాలో తెర పట్టారు. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. నేను లారీ లోడు మధ్యలో వదిలి రావడంతో నార కట్టల బేళ్ళు ఎత్తే ఇనప కొక్కెం నడుముకే ఉండిపోయింది.

మద్దెల మొదలైంది. ధర్మేంద్ర మొహం మీద అన్న కొట్టిన దెబ్బలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. తెర మీదుగా జడ ఎగిరి వచ్చి ఎండలో నల్లగా మెరిసింది. చప్పట్లు, ఈలలు. ఎల్లాజీ లేచాడు. ఒక చేతిలో చీర మూట, రెండో చేతిలో గోగు కోసే కత్తి. కత్తి ఆటలో భాగమే. కత్తి లేకుండా జడ పట్టేవాడు లేడు. అందుకే ఆ కత్తి గురించి ఎవరూ మాట్లాడలేదు. బేరంలో అన్నీ చూసుకున్న నేను కూడా దాన్ని చూసుకోలేదు.

జడ పట్టుకున్నాడు. తెర దిగింది. చీర, నగలు, కాటుకతో ఉపేంద్ర. నాకు నా తమ్ముడు కనిపించలేదు, భామే కనిపించింది.

"ఏమే భామా," అని ఎల్లాజీ మేము అనుకున్న ప్రశ్నే అడిగాడు. "నీ జడ పొడుగా, నీ పొగరు పొడుగా?"

"జడ నాది కాదయ్యా, మీ ఊరి గోగుది," అన్నాడు ఉపేంద్ర. జనం నవ్వారు. "పొగరొక్కటే నాది. అది ఎంత పొడుగో, దాన్ని పుచ్చుకునే స్వామికే తెలియాలి."

మాస్టారు పైపంచ తల మీదికి లాక్కుని "మా అమ్మే! జవాబంటే అదీ!" అని చిందు వేశాడు. చప్పట్లు మోగాయి. ఎల్లాజీ జడ వదిలి చీర మూట విప్పాడు. ఎర్ర చీర. ఊరంతటికీ వినపడేలా అన్నాడు. "ఓడిపోనాను. ఇదుగో ఆడపడుచు సీర. ఈయేల్టి నుంచి నువ్వు మా ఇంటి పిల్లవి. నా తమ్ముడికి అప్పవి."

ఉపేంద్ర చెయ్యి చాచబోయి ఆగాడు. నా వైపు చూశాడు. ఇది ఎవరి బేరమో ఆ చూపులోనే పోల్చుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి మద్దెల వైపు చూశాడు. ధర్మేంద్ర చేతులు మద్దెల మీద ఆగిపోయి ఉన్నాయి. తల దించుకున్నాడు.

ఉపేంద్ర భామ గొంతుతోనే అన్నాడు. "ఈ ఇంటికి నేను ఆడపడుచుని కాను. కోడలి చీరైతే తెండి, కట్టుకుంటాను."

జనం మొదట ఘొల్లున నవ్వారు. అది కూడా ఆటే అనుకున్నారు. ఆ నవ్వులో కలిసిపోయి ఉంటే సరిపోయేది. కానీ ధర్మేంద్ర తల ఎత్తాడు. మద్దెల మీద చెయ్యి వేశాడు. స్వామి రంగం మీదికి వచ్చేటప్పుడు వేసే మోత ఒకటి ఉంది, భాగోతం తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. స్వామి వేషగాడు ఇంకా రంగు పూసుకుంటూ కూర్చున్నాడు. ధర్మేంద్ర ఆ మోత వేశాడు. భామ వెనక నుంచి ముందుకి వచ్చి, పక్కన నిలబడి, గట్టిగా వేశాడు.

నవ్వు ఆగిపోయింది.

ఎల్లాజీ చీర పారేసి కత్తి ఎత్తాడు. మొదటి వేటుకి జడ సగానికి తెగింది. రెండోది మెడ మీదికి వచ్చింది. ధర్మేంద్ర కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. మద్దెల మీద ఏదో రాలిన చప్పుడు విన్నాను. రెండు వేళ్ళు. రక్తం ఉపేంద్ర కాటుక మీద చిమ్మింది. ఎల్లాజీ మనుషులు నలుగురు లేచారు. ఒకడు మాస్టారిని కడుపులో తన్నాడు. ఒకడు ఉపేంద్రని సవరం పట్టుకుని ఈడ్చాడు. అది ఊడి చేతికి వస్తే నేల మీద పడేసి మోకాళ్ళతో తొక్కాడు. ఎల్లాజీ మూడోసారి కత్తి ఎత్తాడు.

నేను కొక్కెం తీసి అతని భుజంలో దింపాను. బేలులో దింపినట్టే దిగింది. లాగాను. కత్తి కింద పడింది, మనిషి మోకాళ్ళ మీద పడ్డాడు. ఎవరో కర్రతో నా దవడ మీద కొట్టారు, రెండు పళ్ళు ఊడాయి.

ఆ గలాటాలోకి దాలమ్మ నడుచుకుంటూ వచ్చింది. గుంట దగ్గర లేవని మనిషి. మట్టిలో పడ్డ ఎర్ర చీర తీసింది, పళ్ళతో కొరికి రెండుగా చించింది. ఒక ముక్క పెద్దకొడుకు మీదికి విసిరింది. రెండో ముక్కతో చిన్నకొడుకు చెయ్యి చుట్టి, ఉపేంద్ర రెక్క పట్టుకుని లేపి, ఆ కట్టు అతని చేతుల్లో పెట్టింది. "గట్టిగా పట్టుకో. వొదిలీకు," అంది.

మా లారీలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నార బేళ్ళ మీద ధర్మేంద్ర పడుకున్నాడు. భామ వేషంలోనే ఉపేంద్ర ఆ కట్టుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు అతకలేదు.

ఆ వారమే, ఇలాంటివాళ్ళది నేరమేనని ఢిల్లీలో పెద్ద కోర్టు తీర్పు ఇచ్చింది. స్టేషనులో పేపరు నా ముందుకి తోశారు. "సావుకారూ, కేసు తవ్వితే మీవాళ్ళ మీదికి కూడా వస్తాది. కొక్కెం నీదే గదా?" అన్నారు. ఎల్లాజీ మీద మేము, నా మీద అతను పెట్టిన కేసులు రెండూ వెనక్కి తీసుకున్నాం. కత్తీ కొక్కెం సమానమని రాసుకున్నాం. కొన్ని లెక్కలు అలాగే కొట్టేయాలి, లేకపోతే కొట్టు తెరవలేం.

తర్వాతి రోజుల్లో గొడౌను రేకుల మీద రాళ్ళు పడేవి. ఒకసారి గోడ మీద బూతు రాశారు, భాగ్యవతి పేడనీళ్ళు కొట్టి కడిగేసి, రాసినవాడి అమ్మని అంతకంటే పెద్ద బూతు తిట్టింది. నీలాటివలస నార చీపురుపల్లి సావుకారికి వెళ్ళిపోయింది. మా వాళ్ళు కొందరు మా ఇంట భోజనానికి రావడం, మమ్మల్ని పిలవడం మానేశారు. ధర్మేంద్ర ఆసుపత్రి నుంచి మా ఇంటికే వచ్చాడు. వేరే ఇల్లు లేదు. మొదటి రోజు వడ్డిస్తూ భాగ్యవతి, "ఎడం సేత్తో తినడానికి సిగ్గుపడితే ఆకలితో సస్తావు, తిను," అంది. ఆ చేత్తోనే మద్దెల కూడా నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మాస్టారు కర్ర ఊతంతో వచ్చి దగ్గర కూర్చుని, మోత తప్పినప్పుడల్లా తిట్టేవాడు. తెగిన జడకి కొత్త నార కలిపి ఉపేంద్ర మళ్ళీ అల్లాడు. అతుకు కనిపిస్తుంది. కనిపించనీ అన్నాడు.

నార అమ్మకాలు అయిపోవచ్చిన ఒక పొద్దున, గొడౌను ముందు ఎవరో కట్ట దించిన చప్పుడైంది. దాలమ్మ. నెత్తి మీద మోసుకొచ్చింది, ఊరి నుంచి నడిచే వచ్చినట్టుంది. చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ గుమ్మంలో కూర్చుంది.

"ఇది నా వాటా మడిలో నార. పెద్దోడికి తెలీదు. తెలిసినా ఏటి సేస్తాడు, నీ కొక్కెం దిగిన భుజం ఇంకా లెగట్లేదు."

లోపల నుంచి మద్దెల వినిపిస్తోంది. ఎడం చేతి మోత, తడబడుతోంది. ఉపేంద్ర గొంతు దానికోసం ఆగి, మళ్ళీ అందుకుంటోంది. ఆమె కాసేపు విన్నది. లోపలికి తొంగి చూడలేదు. భాగ్యవతి మజ్జిగ తెచ్చి ఇస్తే తాగింది. నేను కట్ట విప్పి నార వేళ్ళ మధ్య లాగి చూస్తున్నాను.

"ఏటన్నియ్యా," అంది, "తూకం ఏస్తావా, అలాగ సూస్తానే ఉంటావా?"

నేను ఆమె ఊరి నార కొంటున్నన్నాళ్ళూ నన్ను సావుకారూ అనే పిలిచింది. నా పేరు కూడా ఆమెకి తెలిసి ఉండదు. తోడబుట్టినవాళ్ళని వదిలేస్తే, తమ బిడ్డ చేరిన ఇంటి పెద్దనే మా వైపు ఆడవాళ్ళు అన్నియ్యా అంటారు. వియ్యం కుదిరితేనే ఆ పిలుపు.

తూకం వేశాను. మేలు నార, మా గొడౌనులో ఆ ఏడు దిగిన వాటిలో అదే మేలు. ఊరి నార పోయింది, రెండు పళ్ళు పోయాయి, ఆ పిల్లాడి వేళ్ళు పోయాయి, కొందరి ఇళ్ళలో పీట పోయింది. వచ్చింది ఒక మనిషి, ఒక పిలుపు. తూచి చూసుకుంటే ఆ ఏడు నాకు లాభమే.